వెంకటరమణయ్య నిలువు దీక్ష

ఆ బుధవారం పొద్దున వెంకటరమణయ్య పళ్లు తోముకుంటూనే తన పథకాన్ని మరోసారి నెమరువేసుకున్నాడు. ఎప్పటిలాగే అంగడి తెరవాలి. బజారంతా చూసేలా కాసేపు గల్లాపెట్టె దగ్గర కనబడాలి. ఆ తర్వాత కడపకు పోయి సరుకు చూసొస్తానని నలుగురికీ వినబడేలా చెప్పి, బస్టాండు వైపు నడిచి, మసీదు సందులో మలుపు తిరిగి, వెనక వాకిలి గుండా ఊళ్లోని చిన్న ఆసుపత్రిలో దూరాలి. అక్కడ ఫిరోజా డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తుంది. ఆదివారం నాటికి ఏమీ జరగనట్టు లేచి వచ్చి, వర్తక సంఘం ఎన్నికలో గెలిచి, అధ్యక్షుడైపోవాలి.

ఆపరేషన్ మొలలకు. ఈ మాట మనం చెప్పుకోవలసిందే తప్ప ఆయన నోట రాదు. భార్య ప్రమీలమ్మ దగ్గర కూడా దాన్ని "అది" అనే అనేవాడు. కమలాపురం దారిలో ఉండే గొర్లమిట్ట బజారులో ముప్పై ఏళ్లుగా ఇనుప సామాన్లు అమ్ముతూ, పొద్దున పరుపెక్కితే రాత్రి తాళం వేసేదాకా దిగని మనిషి ఆయన. నీళ్లు తాగితే లేవవలసి వస్తుందని నీళ్లు తాగడు. మధ్యాహ్నం సంగటిలోకి ఎర్రకారం లేనిదే చెయ్యి కడగడు. కూరగాయల్ని మేకల తిండిగా లెక్కగడతాడు. ఇంత ముద్దుగా పెంచుకున్న రోగం పెరగక ఏం చేస్తుంది? ఇప్పుడు కూర్చుంటే నిప్పులు, లేస్తే నెత్తురు. డాక్టరమ్మ కడప నుంచి బుధవారాల్లోనే వస్తుంది. ఈ బుధవారం దాటితే సెలవు మీద పోయి నెల తర్వాత గానీ రాదు. నెల కాదు కదా, ఇంకో వారం కూడా ఆయన ఓర్చుకునే స్థితిలో లేడు.

మరి ఇంత దాపరికం ఎందుకంటే, ఆ బజారు అటువంటిది. అక్కడ షుగరూ బీపీ ఉన్నవాళ్లు వాటిని బిరుదుల్లా చెప్పుకుంటారు. గుండెపోటు వచ్చినవాడికి సభల్లో ముందు వరుసలో కుర్చీ వేస్తారు. నడుము కింద వచ్చిన రోగానికి మాత్రం మన్నింపు లేదు. బియ్యం అంగడి ఆసామికి ఎప్పుడో వరిబీజం ఆపరేషన్ జరిగింది. ఆనాటితో ఆయన అసలు పేరు మాసిపోయింది. కొత్తగా వచ్చిన పోస్టుమాన్ కూడా వరిబీజం శెట్టి ఇల్లు ఎక్కడని అడిగే ఇల్లు పట్టుకున్నాడు. ఆ పేరు పెట్టిన పుణ్యాత్ముడు బట్టల అంగడి జ్ఞానేశ్వర్. ఈ ఎన్నికలో వెంకటరమణయ్యకు పోటీ కూడా ఆయనే.

రాత్రి నుంచి ఏమీ తినకూడదనీ, పొద్దున మంచినీళ్లు కూడా ముట్టకూడదనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వెంకటరమణయ్య జీవితంలో ఒకరి మాట తు.చ. తప్పకుండా విన్నది ఆ ఒక్కసారే. కొంప ముంచింది కూడా అదే.

అంగడి తెరిచి గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడో లేదో, జ్ఞానేశ్వర్ ఊడిపడ్డాడు. వెనక హోటల్ మనిషి చేత పెద్ద పళ్లెం మోయిస్తూ, అంగడి అంగడికీ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పంచుతున్నాడు. ఎన్నికకు ముందు అభ్యర్థి తన చేత్తో టిఫిన్ పెట్టడం ఆ బజారు ఆనవాయితీ. తిన్నంత మాత్రాన ఓటేస్తారని ఎవరూ అనుకోరు. తినకపోతే మాత్రం ఇక ముఖాలు చూసుకోనంత పగ కింద లెక్క. పోటీదారుడైనా సరే, తినాల్సిందే.

"తినప్పా" అంటూ జ్ఞానేశ్వర్ బజ్జీని ఏకంగా ఆయన నోటి దగ్గరికే తెచ్చాడు.

వెంకటరమణయ్య తల వెనక్కి లాక్కున్నాడు. వద్దంటే పగ. కడుపు బాగాలేదంటే ఏమైంది, ఎప్పటి నుంచి, ఏ డాక్టరు అని గుచ్చి గుచ్చి అడిగి ఆసుపత్రి దాకా లాగుతారు. చివరికి తోచిన మాట ఒక్కటే. ఈ పొద్దు ఒక్కపొద్దు ఉన్నానన్నాడు.

పక్క అంగడిలో గాజులమ్మే పీర్ బాషాకు ఎవరినీ ఇరికించాలని ఉండదు. బజారులో అందరి పండుగలూ ఉపవాసాలూ వాళ్లకన్నా ఆయనకే బాగా గుర్తుంటాయి, అంతే. "బుధవారం ఒక్కపొద్దు యాడిది రమణయ్యన్నా? నీది శనివారం గదా" అన్నాడు అమాయకంగా.

జ్ఞానేశ్వర్ కళ్లు మెరిశాయి. "అయితే మొక్కుబడి అన్నమాట. ఏం కోరుకున్యావప్పా? అధ్యక్ష పదవేనా?"

చుట్టూ చేరిన నలుగురూ బజ్జీలు నములుతూ నవ్వారు. ఆ నవ్వుకు వెంకటరమణయ్య ఒళ్లు మండింది. మూడు వారాలుగా ఆయన బుర్రలో ఒక్కటే విషయం తిరుగుతోంది. పొద్దంతా అంగడిలో ఉంటారు కదా, అవసరమైతే ఎక్కడికి పోతారని డాక్టరమ్మ అడిగింది. ఎక్కడికీ పోననీ, పోవడానికి బజారులో చోటే లేదనీ తల వంచుకుని చెప్పుకున్నాడు. ఆ జవాబే ఇప్పుడు వేషం మార్చుకుని బయటికి వచ్చింది.

"ఈ బజారులో మరుగుదొడ్డి కట్టేదాకా ముద్ద ముట్టను. మంచినీళ్లు గూడా ముట్టను."

బజ్జీలు నమిలే చప్పుడు ఆగిపోయింది. ఊరి కోసం వెంకటరమణయ్య చేసిన త్యాగమంటూ అంతకు ముందు ఏదీ లేదు. ఎండలో నిలబడ్డవాడికి తన అరుగు మీద చోటిచ్చిన పాపాన కూడా పోలేదు. అయినా ఆ మాట అందరికీ తగలవలసిన చోటే తగిలింది. అందరికన్నా ముందు పీర్ బాషా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా అంగడికొచ్చే ఆడోళ్లు ఒక చేతికి గాజులేసుకోని, రెండో చేతికి ఏసుకోకుండానే బస్సుకు పరిగెత్తుతాండారన్నా. యాడికి పోతారు పాపం? ఇన్నేండ్లకు మా బాధ నీకొక్కనికి తెలిసింది" అని ఆయన చేతులు పట్టుకున్నాడు.

తెలిసింది బాధే, కాదనలేం. ఎవరి బాధ అన్నదే తేడా.

ఆ తర్వాత ఎవరు ఆపినా ఆగేది కాదు. రాయలసీమలో నీళ్లకూ రోడ్డుకూ కరెంటుకూ దీక్షలు చేసి చేసి జనానికి చెయ్యి తిరిగిపోయింది. పెళ్లికి పందిరి వేయడానికైనా ఆలస్యం అవుతుందేమో గానీ దీక్షకు కాదు. వెంకటరమణయ్య కడప ప్రయాణం సంగతి ఎత్తేలోపే బజారు నడుమ షామియానా లేచింది, మైకు గరగరలాడింది, పూలదండలు వచ్చాయి. వర్తక సంఘం గదిలోంచి ఎవరో చెక్కబల్ల మోసుకొచ్చి, పైన తెల్లగుడ్డ పరిచి, ఆయన్ను కూర్చోమన్నారు.

ప్రపంచంలో ఆయన చేయలేని పని ఏదైనా ఉందంటే అదే. నిలబడతానన్నాడు. కూర్చోమని బతిమాలారు. ససేమిరా అన్నాడు. భుజాలు పట్టి కూర్చోబెట్టబోతే తేలు కుట్టినట్టు పైకి లేచాడు. పీర్ బాషాకు అప్పుడు అర్థమైంది, అంటే అర్థమైందనుకున్నాడు. మైకు అందుకుని, మరుగుదొడ్డి వచ్చేదాకా రమణయ్యన్న కూర్చోడనీ, ఇది నిలువు దీక్ష అనీ ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. అన్నం మానుకున్నవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు. కూర్చోవడం మానుకున్నవాణ్ని చూడటం అదే మొదలు.

ఓట్లన్నీ కళ్లముందే అటు తరలిపోవడం చూసి జ్ఞానేశ్వర్ ఊరుకుంటాడా? మూతి తుడుచుకుని, ఒక దండ తానే మెళ్లో వేసుకుని, బల్ల మీద బాసింపట్టు వేసి, తానూ దీక్షలో ఉన్నానన్నాడు. అప్పటికి ఆయన కడుపులో అరడజను బజ్జీలున్నాయి. మధ్యమధ్య వచ్చే త్రేన్పులను దేశభక్తి నినాదాల్లో కలిపేస్తున్నాడు. పైగా తోటి దీక్షాపరుణ్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నాడు. వెంకటరమణయ్య సందు వైపు ఒక అడుగు వేస్తే చాలు, యాడికప్పా అని చొక్కా పట్టుకుంటున్నాడు. ఫోను మోగితే ఎవరని తొంగి చూస్తున్నాడు.

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మళ్లీ వచ్చింది, చివరికి మానేసింది. ఎండ నడినెత్తికి వస్తోంది. నాలుక పిడచగట్టుకుపోయింది. కాళ్లు పీకుతున్నాయి. దిగి నిజం చెప్పి ఆసుపత్రికి పోతే బాధ పోతుంది, పేరు కూడా పోతుంది. చెప్పకుండా ఇక్కడే నిలబడితే పేరు మిగులుతుంది, బాధ నెలపాటు మిగులుతుంది. ఏ బుద్ధిమంతుడైనా దిగేవాడు. వెంకటరమణయ్య దండ సర్దుకున్నాడు.

అప్పుడు ప్రమీలమ్మ వచ్చింది. జనం దారి ఇచ్చారు. హారతి పడుతుందేమోనని పీర్ బాషా మైకు పక్కకు జరిపాడు. ఆమె దగ్గరికి వచ్చి, పళ్లు బిగించి, ఆయనకొక్కడికే వినబడేలా అడిగింది.

"ఆయమ్మ మద్యాన్నం దాకానే ఉంటుందంట. దిగుతారా, మైకులో చెప్పమంటారా?"

"చెప్తే నేను సచ్చినంత ఒట్టు."

"చెప్పకపోతే రోజూ సచ్చి, నన్ను సంపుతాండారు గదా."

ఆమె కొంగు బిగించి చరచరా మసీదు సందు వైపు వెళ్లిపోయింది. ఆమె ఆగ్రహం చూసి జనం ఇంకా కదిలిపోయారు. ప్రభుత్వం మీద అంత కోపంగా ఉందనుకున్నారు.

కాసేపటికి బీపీ మిషను పట్టుకుని ఫిరోజా డాక్టరమ్మే స్వయంగా షామియానాలోకి నడిచి వచ్చింది. దీక్ష అన్నాక డాక్టరు వచ్చి చూడటం మామూలే కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. వెంకటరమణయ్య మాత్రం దండను గడ్డం దాకా లాక్కున్నాడు. ఆమె నోరు తెరిస్తే పుట్టి మునిగినట్టే.

ఆమె నాడి పట్టుకుని, "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా?" అని అడిగింది.

"మంచినీళ్లు గూడా ముట్టలేదు మేడమ్" అని బజారంతా ఒక్కగొంతుతో జవాబిచ్చింది.

ఆమె ముఖం విప్పారింది. పొద్దున్నే దోసెలు లాగించి వచ్చి, ఖాళీ కడుపే అని ప్రమాణం చేసే రోగులతో ఆమెకు ఏళ్ల తరబడి వేగడమే సరిపోయింది. ఇంతమంది సాక్షులున్న ఖాళీ కడుపు ఆమె చేతికి ఎన్నడూ దొరకలేదు. పక్కనే త్రేన్చిన రెండో దీక్షాపరుడి వైపు ఒకసారి చూసి, ఆయన నాడి పట్టుకునే శ్రమ పెట్టుకోలేదు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై వైపు తిరిగి, వెంకటరమణయ్యను ఈ క్షణమే ఆసుపత్రికి తరలించాలనీ, ఆలస్యమైతే తన పూచీ లేదనీ చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు.

షామియానా అడ్డమై బస్సులు ఆగిపోయి తల పట్టుకున్న ఎస్సైకి అంతకన్నా ఏం కావాలి? పోలీసులు దిగారు. జీపును చూడగానే జ్ఞానేశ్వర్‌కు అంగడి తలుపు తెరిచి వచ్చిన సంగతి గుర్తొచ్చింది, దండతోనే పరుగెత్తాడు. వెంకటరమణయ్య మర్యాద కోసం కాస్త గింజుకున్నాడు. అంత ఇష్టంగా అరెస్టయిన ఉద్యమకారుణ్ని ఆ పోలీసులు చూసి ఉండరు. కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి తీసుకుపోయి జీపు సీటు మీద ధబీమని కుదేశారు. ఆయన పెట్టిన కేక బజారు ఆ చివరిదాకా వినబడింది. అది ఉద్యమ నినాదమనుకుని జనం అందుకున్నారు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. సాయంత్రం జనం తండోపతండాలుగా వచ్చారు. ఆపరేషన్ గురించి డాక్టరమ్మా ప్రమీలమ్మా పెదవి విప్పలేదు. గోడ వైపు తిరిగి పక్కకు పడుకున్న మనిషిని చూసి, ఇంకా అలక తీరలేదని అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. అధికారులు దిగివచ్చి, మరుగుదొడ్డి కట్టిస్తామని మాటిచ్చి, నిమ్మరసం తాగించారు. ఇకమీదట నీళ్లు, మజ్జిగ, ఆకుకూరలు బాగా తీసుకోమని డాక్టరమ్మ చెబితే దీక్ష చేసినవాళ్లకు అదే పథ్యమనుకున్నారు. ఆదివారం జ్ఞానేశ్వర్ పోటీ నుంచి తప్పుకున్నాడు. మంచం మీది నుంచే వెంకటరమణయ్య అధ్యక్షుడయ్యాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ రాత్రి మజ్జిగ తాగుతూ, లోకంలో తనను మించిన తెలివిపరుడు లేడని ప్రమీలమ్మతో అన్నాడు. ఆమె గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

ఎండాకాలం వచ్చేసరికి మరుగుదొడ్డి నిజంగానే తయారైంది. దానికి పేరు పెట్టాలన్నప్పుడు సంఘం సమావేశంలో పీర్ బాషా లేచి, ప్రాణానికి తెగించి నిలబడిన రమణయ్యన్న పేరు కాక ఇంకెవరి పేరు పెడతామని గద్గదంగా అడిగాడు. జ్ఞానేశ్వర్ రెండు చేతులూ ఎత్తి బలపరిచాడు. ఆయన అంత నిండు మనసుతో ఇంకొకరిని బలపరచడం ఎవరూ ఎరగరు. వద్దంటే ఎందుకొద్దో చెప్పవలసి వస్తుంది. అధ్యక్షుడు లేచి, సభకు దండం పెట్టి, మీ ఇష్టమన్నాడు.

ఇప్పుడు గొర్లమిట్ట బజారులో అడుగు పెట్టగానే ముందు కనిపించేది ఆ బోర్డే. నడుమ దండతో వెంకటరమణయ్య నవ్వు ముఖం, ఎడమ చెవి పక్కన పురుషులకు బాణం గుర్తు, కుడి చెవి పక్కన స్త్రీలకు బాణం గుర్తు. పీర్ బాషా అంగడిలో ఆడవాళ్లు ఒక చేతికి గాజులేసుకుని, ఈడనే ఉండండి, వెంకటరమణయ్య కాడికి పోయొస్తామని లేస్తారు. అన్నం తిని లేచిన మనవళ్లు కడుపు పట్టుకుని అవ్వల దగ్గర ఆ పేరే చెబుతారు. కొత్త కండక్టరు బస్సు ఆపి, వెంకటరమణయ్యకు పోయేటోళ్లు దిగండప్పా అని అరుస్తాడు. ఆయన అంగడిలో మెత్తటి పరుపు మీద హాయిగా కూర్చుని అవన్నీ వింటూ ఉంటాడు.

మొలల సంగతి మాత్రం ఊళ్లో ఈనాటికీ ఎవరికీ తెలియదు.