టేపులో వాళ్లకి పిలుపులు

కామ్‌కార్డర్ టేపులో ఉన్న వీడియోను ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే, ఆ టేపులో ఉన్నవాళ్లందరినీ కొత్త చోటికి రమ్మని మర్యాదగా పిలవాలి, పిలవనివాళ్లు రారు. ఆడవాళ్లకైతే కెమెరా పక్కన తెరుచుకునే బుల్లి తెర మీద వేలితో బొట్టు పెట్టాలి. మగవాళ్లను పేరుపేరునా నోరారా పిలవాలి. వరస తప్పితే అలుగుతారు. అలిగినవాళ్ల చోట కంప్యూటర్‌లో ఆకుపచ్చ గళ్లు పడతాయి. పాత వీడియోల్లో మొహాలు గళ్లుగళ్లుగా కనిపిస్తే కేబులు పాడైందనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. పాపం, కేబులు తప్పేం లేదు. తప్పంతా ఆ ఇంటివాళ్ల మర్యాదలోనే ఉంటుంది.

ఏలూరులో ఇందుమతి ఒక ఆదివారం మధ్యాహ్నం కుంకుమభరిణె పక్కన పెట్టుకుని ఈ పనికే కూర్చుంది. టేపు ఆమె కొడుకు బారసాలది. వేడుక జరిగింది పుట్టింట్లో, తీసింది ఆమె భర్త సత్యమూర్తి. ఆ కొడుకు ఇప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. ఆమెకు కావలసింది బారసాల కాదు. రెండేళ్ల క్రితం పోయిన తల్లి రత్నావళి గొంతు ఇంకెక్కడా లేదు, ఈ టేపులోనే ఉంది. కెమెరా బాగుచేసినతను, ఇంకొక్కసారి తిరుగుతుందనీ ఆ తరువాత తన పూచీ లేదనీ ముందే చెప్పేశాడు. 

వార్డు ఆఫీసు నుంచి పిలుపుల పరిశీలకుడు జోగారావు వచ్చి ఫ్యాను కింద కుర్చీ వేయించుకున్నాడు. టేపులోంచి ఎవరినీ పిలవకుండా లాక్కురాకుండా చూడటం ఆయన ఉద్యోగం.

"తొందరపడకండమ్మా," అన్నాడాయన. "మొన్నొకళ్లు టేపు గబగబా తిప్పేసి పెళ్లివారందర్నీ ఒకేసారి రమ్మన్నారు. వాళ్లు కంప్యూటర్‌లోకొచ్చి ధర్నాకి కూచున్నారు. ఇంకా లేవలేదు."

టేపు తిరిగింది. బంధువులంతా సోఫా ముందు బిగుసుకుపోయి, రెప్ప వేయకుండా నిలబడి ఉన్నారు. కెమెరా అనగానే ఫొటో అనుకుని కదలకుండా నిలబడే రోజులవి. కదలవచ్చునని సత్యమూర్తి చెప్పడం మరిచిపోయాడు కాబట్టి ఇన్నేళ్లుగా అలాగే ఉన్నారు.

"ఏమ్మా ఇందూ, కదలొచ్చా?" అన్నాడు పెద్దమావయ్య, పెదవులు కదపకుండా.

"కదలండి మావయ్యా. మీరంతా కంప్యూటర్‌లోకి రావాలి."

"మరి భోజనాలో? ఇంకా ఒక్క విస్తరీ వెయ్యలేదు."

"అక్కడే మావయ్యా," అని ఇందుమతి తడుముకోకుండా అబద్ధమాడేసింది.

నాయనమ్మ అందరికన్నా ముందు దాటింది. చిన్నత్త కన్నా ముందు ఆవిడ మొగుణ్ణి పిలిచినందుకు కంప్యూటర్‌లో ఓ మూల గళ్లు పడ్డాయి. ఇందుమతి రెండు చెంపలూ వేసుకుని మళ్లీ బొట్టు పెట్టాక చిన్నత్త మూతి తిప్పుకుంటూనే వచ్చింది. ఒక్కొక్కరే దాటుతుంటే టేపులో హాలు ఖాళీ అవుతోంది.

అంతసేపట్లో రత్నావళి కనిపించింది ఒక్కసారే. అదీ మనిషి కాదు, మంచినీళ్ల గ్లాసుల పళ్లెం అందిస్తున్న చెయ్యి. చెయ్యి వెనక్కి పోయాక వంటింట్లోంచి గొంతు వినిపించింది: "ఇందూ, చంటాడికి చెమట పడుతోందేమో చూడవే!"

ఇందుమతికి దుఃఖం ముంచుకొచ్చింది. బొట్టు పెట్టబోయిన వేలు తెర మీద అలాగే ఆగిపోయింది.

"మొహం లేనివాళ్లని పిలిచినట్టు లెక్క కాదమ్మా," అన్నాడు జోగారావు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు, అలవాటు ఉంది. "చాలా ఇళ్లల్లో ఇంతే. అమ్మలు టేపులోనే ఉండిపోతుంటారు."

"మరి మా ఆయనా కనపడ్డంలేదుగా?"

"కెమెరా పట్టుకున్నవారికి పిలుపు అక్కర్లేదండి. వారు ఎక్కడికైనా రావొచ్చు."

టేపులో హాల్లో ఇక మిగిలింది ఇందుమతే. ఇరవై నాలుగేళ్ల ఇందుమతి, పీట మీద, ఒళ్లో బిడ్డతో. ఎవరి టేపులోనైనా తమను తామే పిలుచుకోవాలి, అది మామూలే. ఇందుమతి బొట్టు పెట్టలేదు.

"లేచెళ్లి అమ్మని పిలు," అంది.

"పనయ్యాక తనే వస్తుందిలే," అంది చిన్న ఇందుమతి.

"అవదు. నాకు తెలుసు. లే."

ఆ గొంతులో ఏం వినపడిందో గానీ, చిన్న ఇందుమతి బిడ్డను భుజాన వేసుకుని లేచింది. కెమెరా వెనక నుంచి సత్యమూర్తి గొంతు విసుక్కుంది. "వంటింట్లో వెలుతురుండదు ఇందూ, బాగా రాదు."

"రాకపోతే రాకపోయింది. మీరు రండి."

వంటింట్లో నిజంగానే వెలుతురు లేదు. రత్నావళి పులిహోర బేసిను ముందు కూర్చుని ఉంది. కెమెరాను చూసి గబుక్కున చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఛీ ఛీ, ఇక్కడికెందుకే? నా అవతారం చూడు! ఇంకా అంతమంది తినాలి."

"అందరూ వెళ్లిపోయారమ్మా," అంది ఇందుమతి కంప్యూటర్ ముందు నుంచి.

"తినకుండానే?" రత్నావళి ఠక్కున బేసిను పట్టుకుని లేచింది. ఆ లేవడంలో మొహం పూర్తిగా వెలుతురులోకి వచ్చింది. ఇందుమతి వేలితో బొట్టు పెట్టేసింది. జోగారావు తలూపాడు. తరువాత ఇందుమతి తన బొట్టు కూడా తనే పెట్టుకుంది. కెమెరా ఒకసారి గరగరమని ఆగిపోయింది. మళ్లీ తిరగలేదు.

కంప్యూటర్‌లోకి వస్తూనే రత్నావళి అటూ ఇటూ చూసింది. "వంటిల్లెక్కడే?"

"అడుగుతారండి," అన్నాడు జోగారావు. "అందరూ అదే అడుగుతారు. లేదని చెప్పెయ్యండి."

"ఇక్కడ వంటిల్లు లేదమ్మా."

"మరి నేనెక్కడుండాలి?"

నాయనమ్మ సోఫాలో కాస్త జరిగింది. రత్నావళి ఆ అంచున, లేవడానికి సిద్ధంగా కూర్చుంది. చిన్న ఇందుమతి బిడ్డను చిన్నత్త చేతికిచ్చి, బేసిను లాక్కుని అందరికీ వడ్డించింది. అందరూ అద్భుతమన్నారు. ఆఖరున రత్నావళి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తగ్గిందే! ఒక్కళ్లూ చెప్పరేం?" అని లేవబోయింది.

"నువ్వు కూచో చెల్లీ, నే తెస్తా," అని పెద్దమావయ్య లేచాడు. లేచిన తరువాత అడిగాడు. "ఇంతకీ ఉప్పెక్కడుంటుంది?"

ఇందుమతి ఆ వీడియోను ఇప్పుడు రోజూ తెరుస్తుంది. మావయ్య ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. రత్నావళి మాత్రం లేవలేదు. మెల్లగా సోఫాలో వెనక్కి ఆనుకుంది.