తొమ్మిదవ గడిపై దండయాత్ర

శ్రీమద్బొంబాయి రాజ్యమువారు రాజురా తాలూకాను హైదరాబాదువారి చేతినుండి దస్త్రములతో, దుమ్ముతో సహా స్వీకరించిన మరుసటి యేట, మాఘమాసమున, జివతి కొండలపై పొద్దు బారెడెక్కిన వేళ, ప్రశ్నపత్రధరుడును ఛిన్నపాదరక్షుడును అగు గుమాస్తా అనంతరావు ఒక కుగ్రామముపై దండెత్తెను. వినువారు వినుడు, పనియున్నవారు పోవచ్చును.

అతని ఆయుధము పది గడుల కాగితము. తొమ్మిదవ గడి: ఇంట తుపాకి కలదా? పదవది: మనసు నెమ్మదిగా నున్నదా, నిద్ర పట్టుచున్నదా? ఈ రెంటికిని గల సంబంధము తేల్చవలెనని పట్టణమున పంకా క్రింద కూర్చున్న ఒక మహానుభావునికి తోచినదట. తోచినవాడు కొండ యెక్కడు గదా.

ముప్పదితొమ్మిది ఇండ్లవారును కోళ్ల లెక్కవరకు ధారాళముగా చెప్పి, తొమ్మిదవ గడి రాగానే మౌనవ్రతము పూనిరి. తుపాకి యన్నచో లైసెన్సు, లైసెన్సన్నచో కొత్త సర్కారు, కొత్త సర్కారన్నచో జప్తు. తొమ్మిదికి మూసిన నోరు పదికిని తెరువరైరి. కనీసము ఒక్క ఇంటనైనను ఆ రెంటిలో ఒకటి నింపుకొని పోనిచో అనంతరావు మరల ఆ కొండ యెక్కవలెను.

నలువదవ ఇల్లు భూమన్నది. అతడు అరుగుపై గోడకొరిగి ఊరకుండెను. అతని భార్య, చుల్లీసామ్రాజ్యధురంధర తిరుపతమ్మ, పొయ్యి కడ రొట్టె కాల్చుచునే ఎనిమిది గడులను అవలీలగా దాటించి, తొమ్మిదవదాని కడ రొట్టెను తిరుగవేయుటలో లీనమయ్యెను.

"సాధ్వీమణీ, ముప్పదితొమ్మిది దుర్గముల కడ భంగపడి, చెప్పు తెగి, నీ గడపను శరణు జొచ్చితిని. ఉన్నదో లేదో ఒక్క మాట ప్రసాదింపుము" అని అనంతరావు గర్జించెను.

ఆమె ఒక ఇనుప చువ్వతో పొయ్యి ఎగదోసెను. అది తుపాకి గొట్టములో మందు దట్టించు చువ్వ. అది లేనిచో తుపాకి వట్టి కర్ర. అనంతరావు గుర్తుపట్టి గర్జన మానెను.

"గిది పొయ్యిలకెప్పుడొచ్చిందమ్మా?" అని మెల్లగా అడిగెను.

"వానకాలంల మా మరిది జరమొచ్చి సచ్చిపోయిండు సారు. గప్పటిసంది మాయన రాత్రిళ్లు పండ్తలేడు, మాట్లాడ్తలేడు. తుపాకి దిక్కే చూస్తుండు. నాకు బుగులైంది, చువ్వ తీసి దాచిన. చేన్లకొచ్చే పందులను ఎల్లగొట్ట నేనే డబ్బా కొడ్తున్న. గా తుపాకి వాళ్ల నాయినది. మీరు కొంటవోతె ఇంకింత కుంగుతడు. రాయకు."

అనంతరావు తొమ్మిదవ గడిలో 'జవాబు రాలేదు' అని వ్రాసి, కాగితము మడవబోయెను.

అంతలో అరుగుపైనుండి భూమన్న పలికెను. "పదోదాంట్ల రాయి సారు. నిద్ర పడ్తలేదు."

తిరుపతమ్మ రొట్టె మాడినది. ఆరు నెలలకు వినిన మగని మాట అది, మాడనిమ్ము.

అనంతరావు ఆ రెండు మాటలను అక్షరము పొల్లుపోకుండ వ్రాసెను. నాలుగు వందల గడులలో కఠినమైన ఎనుబది గడులకుగాను ఒక్క గడి నిండెను, దుందుభులు మ్రోగవలసినదే. ఈ గాథ చదివినవారి జొన్నకు పందుల పీడ తొలగుగాక, వారికి కంటినిండ నిద్ర పట్టుగాక. భూమన్నకు పట్టునంతవరకు ఆ చువ్వ పొయ్యి కడనే ఉండుగాక.