తువ్వాల కింద చెయ్యి

ఆ ఆదివారం గుమాస్తా సంజీవప్పకు ఒక్కటే పని: తెల్లారకముందే హిందూపురం మార్కెట్టుకు పోయి రెండు కిలోల లేత వంకాయలు తేవడం. ఆఫీసుకు కొత్తగా వచ్చిన ప్రమీల మేడం మధ్యాహ్నం భోజనానికి వస్తోంది. ఎవరింట్లోనూ టీ కూడా ముట్టని ఆ అధికారి, సంజీవప్ప భార్య సావిత్రమ్మది కూడా తన ఊరు తాడిమర్రేనని తెలిసి, గుత్తొంకాయ కూరకు మాత్రం మెత్తబడింది. సంజీవప్ప ప్రమోషన్ ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఒకే కుర్చీలో అరిగిపోయిన మనిషికి ఆ కూర ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు.

కూరగాయలు వాటంతట అవే ఇంటికి నడిచివచ్చే ఉద్యోగం కనుక ఆయన మార్కెట్టు ముఖం ఎన్నడూ చూసి ఎరగడు. మేడం వచ్చాక, భయానికి, అవి రావడం మానేశాయి.

గంపల మధ్య దారి చేసుకుంటూ పోతుంటే దళారీ ఆదెప్ప ఎదురై, తువ్వాల కప్పిన చెయ్యి చాపాడు. అక్కడ టోకు బేరం నోటితో చెయ్యరు. పక్కవాడికి తెలియకుండా తువ్వాల కింద వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఆ సంగతి సంజీవప్పకు తెలియదు. ఆయన ఆఫీసులో తువ్వాల చాటున చెయ్యి చాపితే దానికి ఒక్కటే అర్థం. ఆదివారమని కూడా చూడకుండా ఆయన చెయ్యి దానంతట అదే లోపలికి దూరింది. నోటు తగల్లేదు, నాలుగు వేళ్ళు తగిలాయి. నోటేదన్నట్టు గట్టిగా నొక్కాడు. ఇంకో వేలు వచ్చింది. దాన్నీ నొక్కాడు.

"అయిపాయ. పదహారు గంపల వంకాయలూ సారువే," అని ఆదెప్ప కేకేశాడు.

సంజీవప్ప బిత్తరపోయి, తనకు రెండు కిలోలు చాలన్నాడు.

"మరి చెయ్యి యాల పెడితివి సామీ?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ జవాబు కోసం ఆయన మొహంలోకి చూశారు. నిజం చెప్పడం కన్నా వంకాయలు కొనడమే చవకనిపించింది. అంతలో ఆ వంకాయలు పండించిన సోమక్క ముందుకొచ్చింది. పొలం పాస్‌పుస్తకం కోసం రెండేళ్ళు ఆయన బల్ల చుట్టూ తిరిగిన మనిషి.

"ఈ సారు నాకు తెలుసులేప్పా. చెయ్యి పెట్టినాడంటే వట్టి చేత్తో తీసేది లేదు," అని ఆమె పూచీ పడింది.

సరుకూ, దాంతోపాటు సోమక్కా టెంపోలో ఇంటికి చేరారు. సావిత్రమ్మ బీరువా ఊడ్చి డబ్బు కట్టింది, మొగుణ్ణి మాత్రం మాటలతోనే ఊడ్చింది. ఖాళీ గంపలకు మధ్యాహ్నం వస్తానని చెప్పి సోమక్క వెళ్ళింది. వంకాయలు వసారాలో, మంచం కింద, దేవుడి గూటి ముందు కూడా కుప్పలు పడ్డాయి.

పన్నెండింటికి మేడం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవన్నీ ఎవరు పంపినారు?"

"కొన్నాను మేడం, పదహారు గంపలూ."

"పదహారు గంపలా?"

సంజీవప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళకు ఒక నిజం చెబితే అది అబద్ధంలా ఉంది. సరిగ్గా అప్పుడే సోమక్క గంపల కోసం వచ్చింది. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"సోమక్కా, నేను దుడ్లిచ్చి కొన్లేదా? మేడంకు చెప్పు."

"ఇచ్చినాడమ్మా. సారు చేత దుడ్లు తీసుకునేది నాకు ఇదే మొదలు. ఎప్పుడూ మేమే కదా ఇస్తాండేది," అంది సోమక్క, ఎంతో మెచ్చుకోలుగా.

"ఎన్నిసార్లు ఇచ్చినావమ్మా?" మేడం మెల్లగా అడిగింది.

సోమక్క ఎత్తుకున్న గంపలు కింద పెట్టి వేళ్ళు మడవసాగింది. ఈసారి పైన తువ్వాల లేదు.

మేడం కూర తిని, చాలా బాగుందని సావిత్రమ్మతో చెప్పి, తిన్నదానికి డబ్బు అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టి వెళ్ళింది.