అరంగుళం వదులు

శుక్రవారం పొద్దున టైలర్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, బండి చక్రం కొలత తీసుకోవడం, పాత ఇనుము కొట్టు నుంచి దానికి సరిపడే ఉక్కు చక్రాలు రెండు తెప్పించుకోవడం, పదింటికల్లా ఇంటి ముందుగదిలోని షాపు తెరవడం. వీటిలో అనుకున్నట్టు జరిగింది కాఫీ ఒక్కటే.

బండి అంటే మామూలు బండి కాదు. లోపల మంచం, పొయ్యి, మడత బల్ల, నాలుగు కిటికీలు ఉన్న మోటర్‌హోమ్. మాస్టారి పెళ్ళికన్నా వయసులో పెద్దది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ప్రయాణాలకు బట్టలు కుట్టి పంపడమే తప్ప తను మాత్రం గడప దాటలేదన్న ఉక్రోషంతో నిరుడు కొన్నారు. ఇంజను బాగు చేయించారు. కిటికీ తెరలు స్వయంగా కుట్టారు. తీరా చూస్తే వెనక చక్రాలు రెండూ తుప్పు పట్టి, వేలితో తాకితే పెచ్చులుగా రాలుతున్నాయి. మెకానిక్ వంగి చూసి, "టైర్లు బాగానే ఉన్నాయి మాస్టారూ. కానీ ఈ చక్రాల మీద వీధి చివరిదాకా కూడా పోలేరు" అని తేల్చేశాడు. కొత్తవి కొందామంటే ఆ బండి చేసిన కంపెనీ మూతపడి పాతికేళ్ళు.

ఇదంతా సరదా కోసమైతే మాస్టారు అంత కంగారు పడేవారు కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన భార్యకు సముద్రం చూపిస్తానని మాట ఇచ్చారు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. ఒక ఏడు పెళ్ళిళ్ళ సీజను అడ్డొచ్చింది, ఒక ఏడు బడి యూనిఫారాలు అడ్డొచ్చాయి, అలా ముప్పై ఏళ్ళు అడ్డొచ్చాయి. ఇప్పుడు ఆవిడ ఓపిక దారం ఉండ చివరికి వచ్చింది.

"ఆదివారం నాకు యాభై నిండుతాయి. ఆ రోజు సముద్రం చూపించారా, సరే. లేదంటే సోమవారం పొద్దున్నే ఈ తుప్పు మహల్‌ని ఇనుము బాబాయ్‌కి ఇచ్చేస్తాను. ఆ జాగాలో బట్టలు ఆరేసుకుంటాను."

ఉత్త బెదిరింపు కాదు. ఆవిడ అప్పుడే తాడు కూడా కొనేసింది.

ఇనుము బాబాయ్ అంటే పాత ఇనుము కొట్టు యజమాని. మాస్టారు ఫోను చేస్తే ఆయన ధైర్యం చెప్పాడు. "దీనికి కంపెనీ పేరెందుకండీ! ఆరు బోల్టులూ గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయిగా. ఈ బోల్టు మధ్య నుంచి ఎదురు బోల్టు మధ్యకి ఎంతుందో రాసి పంపండి, చక్రాలు ఇంటికొస్తాయి."

కొలత తీయడమంటే మాస్టారికి వెన్నతో పెట్టిన విద్య. మెడలోంచి టేపు తీశారు, పట్టారు. ఎనిమిదింబావు అంగుళాలు. చీటీ మీద రాశారు: ఎనిమిది ముప్పావు. ఇది ఆయన కావాలని చేసింది కాదు. మెదడుకు చెప్పకుండా చెయ్యి చేసిన పని. ముప్పై ఏళ్ళుగా ఛాతీ కానీ నడుము కానీ, అరంగుళం వదులు కలపకుండా ఆ చెయ్యి ఏ కొలతా రాసిన పాపాన పోలేదు.

మధ్యాహ్నానికి రెండు చక్రాలు వచ్చాయి. మెకానిక్ ఒకదాన్ని ఎత్తి బోల్టుల ముందు పెట్టాడు. ఎటు తిప్పినా ఒక బోల్టు దూరితే రెండోది బయటే ఉండిపోయింది.

"మాస్టారూ, ఇది చాలా పెద్దది."

"పెద్దదైతే మంచిదేగా! లోపలికి కాస్త పట్టిస్తే..." అనబోయి మాస్టారు నాలుక కరుచుకున్నారు.

సంగతి అర్థమయ్యేసరికి ఆయనకు తల కొట్టేసినట్టయింది. కోటు ట్రయల్‌కి వచ్చి కూర్చున్న బ్యాంకు మేనేజరు ముందు బయటపడలేక, గబగబా ఇంకో చీటీ రాశారు. ఈసారి చెయ్యిని అదుపులో పెట్టి, ఏ వదులూ లేకుండా నికరంగా ఎనిమిదింబావు అని వేశారు. ఆ చీటీని బావమరిది చేతికిచ్చి పంపారు.

బావమరిది అదే షాపులో కటింగ్ చేస్తాడు. తెలివైనవాడు. ఆ తెలివే కొంప ముంచింది. బావ చీటీలో ఎప్పుడూ అరంగుళం వదులుంటుందని అతనికి కంఠతా వచ్చు. బిగుతుగా కావాలన్న కుర్రకారు బట్టలకు బావకు తెలియకుండా ఆ అరంగుళం తీసేసి కత్తిరించి, పదేళ్ళుగా షాపు పరువు నిలబెడుతున్నవాడు. ఇప్పుడూ అదే చేశాడు. దారిలో ఆగి, ఎనిమిదింబావు కొట్టేసి, ఏడు ముప్పావు అని రాశాడు.

శనివారం పొద్దున వచ్చిన చక్రాలు బోల్టుల దరిదాపులకు కూడా పోలేదు.

"ఒరేయ్, నేను రాసింది ఎంత? నువ్వు ఇచ్చింది ఎంత?"

"నువ్వు రాసినదాంట్లోంచి నీ వదులు తీసేశాను బావా."

"నేను అసలు వదులే వేయలేదురా!"

"అయ్యో బావా! పదేళ్ళ నుంచీ వేస్తున్నావు, ఇవాళే మానేయాలా?"

వెనక నుంచి ఆవిడ, "దొందూ దొందే" అని తాడు ముడులు విప్పుకుంటూ లోపలికి పోయింది. ఆ తాడు చూసి మాస్టారు ఇక చీటీలూ వద్దు, బావమరుదులూ వద్దు అనుకుని నేరుగా ఇనుము బాబాయ్‌కి ఫోను చేశారు.

"బాబాయ్! ఈసారి ఎనిమిదింబావువి పంపు. ఎన్ని ఉంటే అన్ని పంపు, ఒకటి కాకపోతే ఇంకోటి సరిపోతుంది. రేపు పొద్దున్నే ఉండాలి."

ఇనుము బాబాయ్ ఫోను పెట్టేసి ఆలోచనలో పడ్డాడు. నిన్న ఎనిమిది ముప్పావు, పొద్దున ఏడు ముప్పావు, ఇప్పుడు ఎనిమిదింబావు. పైగా ఎన్ని ఉంటే అన్ని. ఒక్క బండికి మూడు సైజుల చక్రాలు ఎవడైనా వేస్తాడా? టైలర్ మాస్టారు గుట్టు చప్పుడు కాకుండా బండ్ల కంపెనీ పెడుతున్నారన్నమాట! ఇంత పెద్ద బేరం ఒక్కడే మింగితే అరగదని, ఏ సైజు దొరికితే ఆ సైజు తెమ్మని తోటి వ్యాపారులిద్దరికి ఫోను చేశాడు. వాళ్ళలో ఒకడిది సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు.

ఆదివారం పొద్దున మాస్టారు లేచి తలుపు తీస్తే, గేటు ముందు వీధి కనిపించలేదు. చక్రాలు కనిపించాయి. ఇనుము బాబాయ్ లారీ గేటుకు మూతి ఆనించి నిలబడింది. దాని వెనక రెండో లారీ. దాని వెనక, వీధి మొదట్లో, సముద్రపు ఊరి లారీ. మొదటి రెండు లారీల సరుకూ అప్పటికే దించేశారు. గోడల వెంట చక్రాలు, మెట్ల మీద చక్రాలు, పక్కింటివాళ్ళ కుక్క పడుకునే చోట చక్రాలు. కుక్క మాత్రం ఒక చక్రంలో ముడుచుకుని హాయిగా పడుకుంది. ఎవరికైనా ఏదైనా సరిపోయిందంటే ఆ వీధిలో దానికొక్కదానికే.

"కంపెనీకి శుభారంభం మాస్టారూ!" అన్నాడు ఇనుము బాబాయ్ రెండు చేతులూ పట్టుకుని.

"ఏ కంపెనీ?" అన్నారు మాస్టారు నీరసంగా.

మెకానిక్ ఎనిమిదింబావు చక్రాలు ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాడు. బోల్టులు అంచులకు తగిలి ఆగిపోతున్నాయి. చెయ్యి వదులు కలపలేదు, బావమరిది తీసేయలేదు, అయినా బిగుతే! మాస్టారు అరుగు మీద కూలబడ్డారు. "ముప్పై ఏళ్ళ మాటే! ఇవాళ కూడా చూపించలేకపోయాను" అన్నారు.

ఆవిడ వచ్చి ఆయన మెడలోని టేపు లాగి చూసింది. పక్కన ఇనుపస్కేలు పెట్టింది. టేపు ఎనిమిదింబావు చూపించిన చోట స్కేలు ఎనిమిదిన్నర చూపించింది.

"ఇది మన పెళ్ళినాటి టేపండీ. లాగీ లాగీ సాగిపోయింది. మీరు వదులు వేయకపోతే ఊళ్ళో ఒక్కడికీ బొత్తాం పట్టేది కాదు."

ఆవిడ షాపులోంచి ఖాకీ కాగితం తెచ్చి, బండి బోల్టుల మీద ఆనించి అరచేత్తో నొక్కింది. ఆరు చిల్లులు పడ్డాయి. రవిక కత్తిరించే ముందు వేసే కాగితం నమూనాలాగే. అంగుళాలూ లేవు, వదులూ లేదు.

సరిగ్గా అప్పుడే బ్యాంకు మేనేజరు, ఒక చెయ్యే కుట్టిన కోటుతో "నా ట్రయల్ సంగతేమిటండీ?" అంటూ మెట్లెక్కబోయి ఒక చక్రాన్ని తన్నాడు. అది వీధి వాలులో పరుగందుకుంది. "పట్టుకోండి!" అని అరుస్తూ మేనేజరు దాని వెనక, ఆయన వెనక "కోటు నలిగిపోతుందండీ!" అంటూ బావమరిది, వాళ్ళ వెనక కుక్క. చక్రం రెండు లారీలనూ దాటుకుని పోయి మూడో లారీకి కొట్టుకుని పడిపోయింది. కాగితం చేత్తో పట్టుకునే అక్కడిదాకా వచ్చిన ఆవిడ, ఆ లారీలో ఇంకా దించని చక్రాల మీద దాన్ని ఒక్కొక్కటిగా వేసి చూసింది. నాలుగోదాని మీద ఆరు చిల్లులూ ఆరు కన్నాల మీద కూర్చున్నాయి. దాని కిందే అలాంటిది ఇంకోటి.

గంటలో మెకానిక్ టైర్లు ఎక్కించాడు. చక్రాలు బోల్టుల్లోకి చెప్పులో కాలు దూరినట్టు దూరాయి. ఆవిడ బ్యాగుతో పక్క సీటెక్కింది. మాస్టారు తాళం తిప్పారు. బండి దగ్గింది, ఊగింది, మోగింది! కిటికీల తెరలు ఊగాయి. బావమరిది ఈల వేశాడు. మాస్టారు హారన్ కొట్టి, గేరు వేసి, ఎదురుగా చూశారు.

ఎదురుగా గుట్టలుగా చక్రాలు. వాటి వెనక ఇనుము బాబాయ్ లారీ. అది కదలాలంటే రెండోది కదలాలి. రెండో లారీ డ్రైవరు తాళాలు జేబులో వేసుకుని ఎటో వెళ్ళాడు. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

మాస్టారు ఇంజను ఆపేసి, స్టీరింగు మీద తల ఆనించారు. ఆవిడ ఆయన వంక చూసింది, బండి వంక చూసింది. బ్యాగు తీసుకుని దిగి, చక్రాల మధ్యగా చీర కుచ్చెళ్ళు పట్టుకుని నడుచుకుంటూ వీధి మొదటికి పోయింది.

"బాబూ, మీరు ఏ ఊరికి తిరిగి పోతున్నారు?"

"సముద్రం పక్కనేనమ్మా. మూడు గంటల దారి."

"మేమిద్దరం వస్తాం. చోటుందా?"

మూడో లారీ ఒక్కటే వెనక్కి పోగలిగింది. అందులో, డ్రైవరు పక్కన, తెరల్లేని కిటికీ దగ్గర కూర్చుని ఆవిడ దారి పొడుగునా ఆపకుండా మాట్లాడింది. ఊరు దాటాక, "బండి ఉండనివ్వండి లెండి. తాడు డాబా మీద కడతాను" అంది. మాస్టారికి అప్పుడు గానీ ఊపిరి అందలేదు.

ఎండ తగ్గుతుండగా ఇద్దరూ నీళ్ళ అంచున నిలబడ్డారు. అల వచ్చి పాదాలు తడిపింది. ఆవిడ చిన్నపిల్లలా కేరింత కొట్టి, ఆయన మోచెయ్యి పట్టుకుంది. కళ్ళు చెమర్చాయి. మాస్టారికీ చెమర్చాయి గానీ, ఆయన ఉప్పుగాలి మీద నెట్టేశారు.

"ఎలా ఉందే?" అన్నారు భయంభయంగా, ట్రయల్ వేసినవాణ్ణి అడిగినట్టు.

ఆవిడ ఈ కొస నుంచి ఆ కొస దాకా నింపాదిగా చూసింది.

"బాగానే ఉందండీ. కాకపోతే కాస్త వదులైంది."