చెట్టుకు నీళ్లు పోశారా?

ఆ రోజు పొద్దున సర్కారు ఆస్పత్రి కౌన్సెలరమ్మ పెట్టుకున్న పని చిన్నదే. హెచ్‌ఐవీ సోకకుండా రోజూ మాత్ర వేసుకునేవాళ్లకు ఫోనులో గుర్తుచేసే కొత్త యాప్ వచ్చింది. అందులో లారీ డ్రైవరు భార్యను చేర్చాలి. డ్రైవరుకు ఆ జబ్బు ఉంది, కుట్టుపని చేసుకునే భార్యకు లేదు. సంగతి అత్తగారికి తెలియకూడదు. అందుకని ఇన్నాళ్లూ కౌన్సెలరమ్మే బట్టలు కుట్టించుకునే నెపంతో వెళ్లి మాత్రల డబ్బా ఇచ్చి వస్తోంది.

గుట్టు రట్టవకుండా యాప్ "చెట్టుకు నీళ్లు పోశారా?" అని అడిగేలా ఏర్పాటు చేసింది. మాత్ర వేసుకున్నవాళ్లు "పోశాను" అని నొక్కితే చాలు. తన తెలివికి తనే మురిసిపోయింది. కోడలి పేరు, ఇంట్లోని ఫోను నంబరు ఎక్కించింది గానీ, ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో అడగలేదు.

అది అత్తగారి చేతిలో ఉంటుంది. సర్కారువాళ్లు తన కుండీలో మొక్క బాగోగులు అడుగుతున్నారని ఆవిడ ఉబ్బితబ్బిబ్బయింది. రోజూ చెంబుడు నీళ్లు పోసి, పోశానని నొక్కింది. అంత శ్రద్ధకు తట్టుకోలేక మొక్క కుళ్లి చచ్చింది. సర్కారుకు మాటిచ్చాక తప్పుతుందా? ఇంకోటి తెచ్చి నాటింది. అంతటితో ఊరుకోక యాప్‌ను వీధంతా పంచింది. ఇంటింటికీ కుండీలొచ్చాయి, అందరూ పోశారు, అందరూ నొక్కారు.

ఆస్పత్రిలో తెర మీద నొక్కినవాళ్ల పేర్లు పచ్చబడతాయి, నొక్కనివాళ్లవి ఎర్రబడతాయి; వీధి మొత్తం పచ్చగా వెలిగింది. పెద్దడాక్టరు కాలు నేల మీద నిలవలేదు. ఇంతమందికి మాత్రలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగిన మందుల గది ఉద్యోగిని కసిరి పంపేశాడు. పచ్చగా ఉన్నవాళ్ల గుమ్మం తొక్కొద్దు, ఎర్రబడ్డవాళ్లకే మాత్రలు పట్టుకెళ్లాలి అని హుకుం జారీచేశాడు. కౌన్సెలరమ్మకు మనసొప్పలేదు. అయినా తెర చెబుతోంది కదా అని సర్దిచెప్పుకుంది. నెలలు గడిచాక ఆయన ఆ వీధికి బహుమతి ప్రకటించి, ముందుగా చూసి రమ్మని ఆమెనే పంపాడు.

అత్తగారు వాకిట్లోనే ఆపి కుండీ చూపించింది. "మీ ఫోను కూడా అడుగుతోందా? నాదైతే రోజూ అడుగుతుంది. ఇది నాలుగో మొక్కమ్మా. మూడు చచ్చినా నేను ఒక్కరోజూ మానలేదు."

కౌన్సెలరమ్మ గబగబా లోపలికి నడిచింది. లోపల కుట్టుమిషను ముందు కూర్చున్న కోడలు కొలతలు తీసే వంకతో దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నా మాత్రలెందుకు ఆపేశారు? మీరు రాలేదంటే ఇంక అక్కర్లేదేమో అనుకున్నాను."

ఆ మధ్యాహ్నమే కౌన్సెలరమ్మ కోడలిని ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది. జబ్బు సోకింది. కోడలు ఏడవలేదు, అత్తయ్యకు మాత్రం చెప్పొద్దని బతిమాలింది. ఏడ్చింది కౌన్సెలరమ్మే.

మర్నాడు పొద్దున ఫోను ఎప్పటిలాగే అడిగింది, అత్తగారు నీళ్లు పోసి నొక్కింది, తెర మీద కోడలి పేరు పచ్చగా వెలిగింది.