చంద్రుడి మీద బంగారు పేర్లు

చంద్రుడి మట్టిని కాల్చి ప్రాణవాయువు తీసే కొలిమిని కొలరాడోలోని మా పరిశోధన కేంద్రం జయప్రదంగా నిర్మించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కొలిమి ప్రస్తుతం చంద్రుడి మీదే ఉంది. పనిచేయడం లేదన్నది కేవలం సాంకేతిక వివరం.

అందులో వేడి సంగతి చూసే ఇంజనీరు డోరీన్ ప్రూయిట్. ఉక్కు కర్మాగారంలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. చంద్రుడి మీద గాలి లేదు కనుక ఏదీ దానంతటది చల్లారదనీ, కొలిమి వేడి పోవడానికి ఆకాశం వైపు తిరిగి ఉండే తలుపంత తెల్లపలక ఒక్కటే దారి అనీ ఆమె మొదటి రోజే చెప్పింది. దాని మీద ఏమీ ఉండకూడదంది. అంత పెద్ద పలక మీద ఏమీ లేకపోవడం మా డైరెక్టర్ వెండెల్ క్రాస్‌బీ గారిని కలచివేసింది.

ముందు కేంద్రం చిహ్నం వేయించారు. లేకపోతే అది ఎవరి వేడో ఆకాశానికి తెలియదు. తరువాత సెనేటర్ గారి పేరు, రాష్ట్ర పుష్పం, ఆపైన చందాదారుల పేర్లు, అన్నీ బంగారు రేకుతో. బంగారం వేడిని బయటికి పోనివ్వదని డోరీన్ లేఖ రాసింది. దాన్ని పరిశీలించడానికి ఉష్ణ సంఘం ఏర్పడింది. సంఘం కూర్చున్న గదిలో ఏసీ ధాటికి సభ్యులు స్వెట్టర్లు వేసుకునేవారు. ఆరు సమావేశాల అనంతరం, వేడి తమ దృష్టికి రాలేదని నివేదించారు.

డోరీన్ నేరుగా డైరెక్టర్ గదికి వెళ్లింది. సమావేశాల మినిట్స్ రాసే ఉద్యోగం కనుక నేనూ అక్కడే ఉన్నాను.

"వెండెల్ గారూ, అరచెయ్యంత చోటైనా వదలండి. రేపు అక్కడ మనుషులు పీల్చాల్సిన గాలండీ అది."

"చూడమ్మా డోరీన్, నువ్వు పలకని చూస్తున్నావు, నేను జాతిని చూస్తున్నాను. బోసి పలకని చూసి ఏ పిల్ల ఉత్తేజం పొందుతుంది చెప్పు?"

ఆమె తన లేఖ నకలు ఇంకొకటి ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ పట్టుదలకు ఆయన చలించి, కింద కుడి మూలలో ఆమె పేరు కూడా ఉచితంగా వేయించారు.

పంపడానికి ముందురోజు ఆమె బ్లేడుతో తన పేరు గీకేస్తూ కనబడింది. అదొక్కటి తీస్తే ఏమవుతుందని అడిగాను.

"నా చేతిలో ఉన్నది అదొక్కటే," అంది తలెత్తకుండా.

కొలిమి ముప్పై ఎనిమిది నిమిషాలు పనిచేసి కరిగిపోయింది. పలకంతటిలో విధి నిర్వర్తించింది ఆ గీకిన చోటు మాత్రమేనని, దానివల్లే మూడు నిమిషాలు అదనంగా నడిచిందని విచారణలో తేలింది. పలకను పాడుచేసినందుకు డోరీన్‌ను రెండు వారాలు సస్పెండ్ చేశారు. ఆమె మళ్లీ రాలేదు. ఇప్పుడు ప్వేబ్లో ఊళ్లో బేకరీలకు పొయ్యిలు కడుతోంది. అవి చక్కగా పనిచేస్తాయట. వాటి మీద ఎవరి పేరూ ఉండదట.

చంద్రుడి నుంచి వచ్చిన ఫొటో మాత్రం దివ్యంగా ఉంది. ప్రతి చందాదారుడూ తన పేరు చదువుకోగలిగాడు. ప్రాణవాయువు గురించి ఒక్క ఫిర్యాదూ రాలేదు. ఈ ప్రజాదరణ దృష్ట్యా రెండో యంత్రాన్ని కొలిమి లేకుండా, నాలుగింతల పలకతో నిర్మిస్తున్నారు. దీంతో వేడి సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది.

పేర్ల నమోదుకు వచ్చిన జనం బస్టాపు దాకా నిలబడ్డారు. నేనూ సెలవు పెట్టి రెండు గంటలు నిలబడ్డాను. వరసలో నా వెనకావిడ, "ఇంతకీ ఈ యంత్రం ఏం చేస్తుందండీ?" అని అడిగింది.

అందరూ ఆమె వైపు తిరిగి కోపంగా చూశారు. నేను కూడా చూశాను.