ప్రారంభోత్సవం కాని సముద్రం

"ఇకమీదట డొమినికన్ దేశంలో చేతిలో డబ్బు లేదన్న సాకుతో ఎవరూ ఆనందించకుండా తప్పించుకోలేరు!"

వినోదశాఖ డైరెక్టరు ఫ్రానువెల్ గారు జీపు మీదికెక్కి మైకులో ఈ మాట ప్రకటిస్తున్నప్పుడు, వెనకాల ఆయన మనుషులు యూదెల్కా గుమ్మం ముందున్న ప్లాస్టిక్ తొట్టిలో గాలి తీసి మడతపెడుతున్నారు.

ఈస్టర్ సెలవుల్లో నడివీధిలో గాలితొట్టి పెట్టి, నీళ్లు నింపి, పేటంతా వంతులవారీగా మునగడం పేదల పండగ. అది నిషేధమంటూ ఆ తొట్లు పట్టుకుపోవడం సర్కారువారి పండగ. రెండూ ఏటా ఒకేసారి వస్తాయి. అయితే ఫ్రానువెల్ గారు దయామయులు. ఊరికే పట్టుకుపోలేదు.

"తొట్టి తీసుకుని సముద్రం ఇస్తున్నాం! శనివారం ఉచిత బస్సు!"

"శుక్రవారం వద్దులే, గుడ్‌ఫ్రైడే నాడు మునిగితే చేపలైపోతామని మా అమ్మమ్మ చెప్పేది. శనివారమే మంచిది," అంది పక్కింటి మెర్సే పిన్ని. సర్కారు ఇంత ముందుచూపుతో ఉంటుందని ఆవిడ అనుకోలేదట.

యూదెల్కా కూతురు యానీబెల్‌కి ఆరేళ్లు. చుట్టూ నీళ్లున్న దేశంలో పుట్టి ఇంతవరకూ సముద్రంలో కాలు పెట్టలేదు. ఆ వారమంతా వీధిలో కుక్కలతో సహా అందరికీ చెప్పింది, శనివారం మునుగుతున్నానని. యూదెల్కాకి మాత్రం నిద్ర లేదు. అల లాక్కుపోతే? ఎండ దెబ్బ తగిలితే? జనంలో తప్పిపోతే? కానీ పిల్ల మొహం చూశాక వద్దనడానికి నోరు రాలేదు.

తెల్లారేసరికి పెద్ద గిన్నెడు స్పగెట్టి వండి తువ్వాలు చుట్టింది. స్పగెట్టి గిన్నె లేకుండా సముద్రానికి వెళ్లేవాళ్లని అక్కడెవరూ మనుషుల్లో లెక్కేయరు.

బస్సు దిగీ దిగగానే యానీబెల్ పరిగెత్తింది. ఒడ్డు పొడుగునా గుంజలు పాతి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి పాపా? ఇంకా ప్రారంభోత్సవం కాలేదు."

"దేనికి బాబూ?" అంది యూదెల్కా.

"సముద్రానికి."

"మొన్నటిదాకా తెరిచే ఉందిగదరా!" అంది మెర్సే పిన్ని.

"అది అనధికార సముద్రం పిన్నీ. పది గంటలకి మంత్రిగారొస్తారు, కత్తిరిస్తారు, మీరు మునుగుతారు."

పదయింది. మధ్యాహ్నమయింది. మంత్రిగారు దారిలో ఒక వంతెన ప్రారంభోత్సవానికీ, ఒక పొట్టేలు విందుకీ ఆనందం పంచి వస్తున్నారని కబురు. ఇంతలో ఒక పెద్ద అల నియమాలు తెలియక రిబ్బను కిందనుంచి దూరి యానీబెల్ వేళ్లు తడిపింది. కాపలావాడు ఈల వేశాడు.

"ఏయ్! ఈ పాప ముందే మొదలెట్టేసింది!"

"నేను కాదు, అదే వచ్చింది!" అని ఏడుపు మొహం పెట్టింది పిల్ల.

ఫ్రానువెల్ గారు స్వయంగా విచారించి, సముద్రం క్రమశిక్షణ తప్పిందని తేల్చి, రిబ్బనుని నాలుగడుగులు వెనక్కి జరిపించారు. జనాన్ని ఎనిమిది అడుగులు జరిపించారు. అంతటి న్యాయం ఎవరూ ఎరగరు.

పొద్దు వాలుతుండగా మంత్రిగారు దిగారు. దిగుతూనే వాసన పట్టారు. యూదెల్కా గిన్నె మూత తీసి రెండు పళ్లేలు వడ్డించింది.

"అమ్మా, ఇది స్పగెట్టి కాదు, దేశభక్తి!" అన్నారు మంత్రిగారు నోటినిండా.

యూదెల్కా గుండె దిటవు చేసుకుంది. "సార్, పిల్ల పొద్దున్నించీ కాచుకునుంది. ఒక్క మునక మునగనిస్తే..."

"ఒక్కటేంటమ్మా! ఎన్నయినా! ముందు రెండు ముక్కలు మాట్లాడనీ."

రెండు ముక్కలు చాలాసేపు సాగాయి. రిబ్బను తెగింది. బ్యాండు మోగింది. జనం హోరున పరిగెత్తారు, యానీబెల్ అందరికంటే ముందు. సరిగ్గా అప్పుడే పౌరరక్షణ దళంవాడు ఈల ఊదాడు.

"ఆగండి! ఆరు దాటింది! సెలవుల్లో ఆరు తర్వాత మునగడం నిషేధం!"

"ఎవడ్రా పెట్టింది ఆ రూలు?" అంది మెర్సే పిన్ని.

"ఇంకెవరు, మంత్రిగారే. మీ ప్రాణాలంటే ఆయనకి ప్రాణం."

యూదెల్కా పరిగెత్తి కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఫొటోగ్రాఫరు మంత్రిగారి చెవిలో గొణిగాడు. "సార్, జనం పొడిపొడిగా ఉన్నారు. రేపు పేపర్లో బాగుండదు."

పాలనాదక్షత అంటే అదీ! క్షణంలో ఫైరింజను వచ్చింది. సముద్రానికి వీపు పెట్టించి జనాన్ని వరసగా నిలబెట్టారు. గొట్టం విప్పారు. ఫొటోలు టపటపా పడ్డాయి. యానీబెల్ కేరింతలు చూసి మంత్రిగారు కళ్లు ఒత్తుకున్నారు. అక్కడికక్కడే మరో ప్రకటన చేశారు.

"వచ్చే ఏడు మీకు ఈ ప్రయాణం బాధ కూడా ఉండదు. సముద్రాన్నే మీ పేటకి పంపిస్తాం!"

బస్సు తాళం ఇంకా డైరెక్టరుగారి దగ్గరే ఉంది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. యూదెల్కా కాస్త గట్టిగానే కొట్టింది.

యానీబెల్ పెదాలు నాకి చూసుకుని తల్లి లంగా పట్టి గుంజింది.

"అమ్మా, సముద్రం ఉప్పగా ఉంటుందని టీచరు చెప్పింది. ఇది ఉప్పగా లేదేం?"

"ఉష్! మెల్లిగా అనవే," అంది యూదెల్కా, పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టి. "వింటే, ఉప్పు వెయ్యడానికి ఇంకో మంత్రి రావాలంటారు."